అగ్గిపెట్టెంత బొమ్మ

"ఈ బొగ్గు పొడి పొరపాటున పిల్ల కంచంలో పడితే ఏమైనా అవుతుందా అండీ?"

కాగితం మీద ఒక్క గీతైనా పడకముందే ఆమె అడిగిన ప్రశ్న అది. డ్రాయింగ్ టీచరమ్మ తన నల్లటి వేళ్లు చూపించి, "ఇన్నేళ్లుగా ఈ చేత్తోనే తింటున్నానమ్మా, ఇంకా పోలేదు," అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, ఇంటికి బయల్దేరే ముందు చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకుంది.

లైబ్రరీ మేడమీద జరిగే ఆ క్లాసులో నిజానికి చేరింది కూతురు. బోర్ కొడుతోందని అది మానేస్తే, ఆ సంగతి చెప్పడానికి వెళ్లిన తల్లి అక్కడే కూర్చుండిపోయింది. "పిల్ల బదులు తల్లా! రేపు దాని పరీక్షలూ నువ్వే రాస్తావా?" అన్నాడు భర్త. "గొళ్లెం పెట్టానా లేదా అని పదిసార్లు లేచి చూసుకునే మనిషి, ఒకచోట కూర్చుని బొమ్మేం వేస్తుందిరా!" అంది అత్తగారు.

టీచరమ్మ పద్ధతి వేరు. పెద్ద బొమ్మకు రంగులు తీసే ముందు, అదే దృశ్యాన్ని అగ్గిపెట్టెంత గడుల్లో గబగబా గీయాలి. ముక్కూ మొహం అక్కర్లేదు. ఎక్కడ నలుపు, ఎక్కడ బూడిద, ఎక్కడ తెలుపు, అంతే. అది కుదిరితే బొమ్మ కుదిరినట్టే. మిగతావాళ్లందరూ రంగుల్లోకి దిగారు. ఆమె మాత్రం ఇంకా అగ్గిపెట్టెల దగ్గరే ఉంది.

"మీ గడులన్నీ బూడిదే. నలుపేదమ్మా?"

"పెడితే మళ్లీ పోదేమోనని భయమండీ."

"మరి తెలుపేది? అదేం పెట్టక్కర్లేదుగా, వదిలేస్తే చాలుగా?"

ఇంటికొచ్చే దారంతా ఆమెకు అదే ఆలోచన. వదిలేయడమంటే ఎలా? ఆ ఇంట్లో ఖాళీగా కనిపించిన చోటల్లా ఆమె చేయకుండా మిగిల్చిన పనే. కాసేపు ఊరికే కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా, ఈ గుండీ కుట్టు" అంటుంది అత్తగారు. "రోజంతా ఇంట్లో ఉండేదానివి, నీకేం పని?" అంటాడు ఆయన. అందుకే కూర్చున్నప్పుడు కూడా ఒళ్లో సగం మడిచిన తువ్వాలొకటి పెట్టుకోవడం ఆమెకు అలవాటు. ఆ చేతికి తెల్ల కాగితం దొరికితే ఊరుకుంటుందా? తుడిచేస్తుంది, సర్దేస్తుంది, మూలమూలకీ ఏదో ఒకటి పూసేస్తుంది.

మర్నాడు పొద్దున పొయ్యి ముందు గరిటె పట్టుకుని, టీచరమ్మ చెప్పినట్టు కళ్లు సగం మూసి వంటగదిలోని భోజనాల బల్ల వైపు చూసింది.

"కళ్లలో ఏం పడిందే?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా, చూస్తున్నా."

"కళ్లు మూసుకుని చూసేవాళ్లని నిన్నొక్కదాన్నే చూశాను!"

పేపరు వెనక భర్త, కప్పు మీదికి వంగిన అత్తగారు, జడ విరబోసుకున్న కూతురు ముగ్గురూ కలిసిపోయి ఒకే నల్లటి ముద్దయ్యారు. అవతల కిటికీ పక్కన ఆమె కుర్చీ. ఆ కుర్చీ నిండా ఎప్పుడూ మడతపెట్టాల్సిన బట్టలే. ఇన్నాళ్లూ తన గడుల్లో ఈ బల్లనే వేస్తూ, ఆ బట్టల్ని మడత మడతా గీస్తూ వచ్చింది. కళ్లు సగం మూస్తే అక్కడ బట్టలూ లేవు, మడతలూ లేవు. ఒట్టి వెలుగు.

పొయ్యి కట్టేసి, బొగ్గు ముక్క విరిగేంత గట్టిగా నొక్కి కొత్త గడిలో ఆ ముగ్గుర్నీ నల్లగా దిద్దింది. ఏ కొంపా మునగలేదు. కుర్చీ ఉండాల్సిన చోటికొచ్చేసరికి, దాన్నీ నింపేయాలని వేళ్లు దురద పెట్టాయి. బొగ్గు పక్కన పడేసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఎన్నాళ్లుగానో ఎరగని తృప్తి, చల్లటి మంచినీళ్లు తాగినట్టు, గొంతులోంచి దిగింది.

"రంగులు తీయండి," అంది టీచరమ్మ ఆ గడి చూడగానే. "ఆ వెలుగు ఎంతసేపుంటుంది?"

"టిఫిన్లయ్యే దాకేనండీ."

"అయితే ఆ వేళ మీరు కూర్చోవాలి. గరిటె తిప్పుతూ రంగులు వేయలేరు."

శనివారం సాయంత్రం అందరూ బల్ల దగ్గరున్నప్పుడు చెప్పేసింది. "రేపు పొద్దున నేను బొమ్మ వేసుకుంటాను. మీరు రోజూలాగే కూర్చుని తింటూ ఉంటే చాలు."

"తినడానికేదో ఉండాలిగా? ఎవరు చేస్తారు?" అన్నాడు భర్త.

కూతురు ఫోనులోంచి తలెత్తింది. అత్తగారు కొడుకు వైపు చూసింది. 'సర్లెండి, నేనే ముందు లేచి చేసి పెట్టేస్తాను' అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. గ్యాసు కట్టడం మరిచిపోతారేమో, చెయ్యి కాల్చుకుంటారేమో, పరదాకు మంట అంటుకుంటుందేమో... క్షణంలో ఇల్లంతా కాలిపోయింది ఆమె కళ్ల ముందు. అయినా పెదవి విప్పలేదు. గ్లాసెడు నీళ్లు నిదానంగా తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆయన వైపే చూస్తూ కూర్చుంది.

చివరికి భర్త పొయ్యి వైపు చూశాడు.

"గుడ్లు... ఎంతసేపు ఉడకబెట్టాలి?"