ముగ్గురు కూర్చుంటేనే సమంగా ఉండే వంటిల్లు

మా పెన్‌ఫోల్డ్ రేవులో పడవలు కట్టుకునేవాళ్ళున్నారు గాని, కట్టడం ముగించినవాళ్ళు లేరు. శుక్రవారం దాకా ఎవరి పనులు వాళ్ళు చేసుకుని, శనివారం తెల్లారగానే రంపాలూ, మరమేకులూ, ఫ్లాస్కుల నిండా టీ పట్టుకుని కాలువ గట్టుకు చేరతాం. ఆదివారం సాయంత్రం ఒంటినిండా రంపపు పొట్టుతో ఇళ్ళకు పోతాం. ఈ వారం ఏం చేశారని ఇంట్లో ఆడవాళ్ళు అడగడం మానేసి చాలా కాలమైంది.

పడవంటే పెద్దదేం కాదు. పొడుగు మాత్రం రైలుపెట్టెంత, వెడల్పు మంచం అడ్డంగా వేస్తే దారి మూసుకుపోయేంత. ఉత్త ఇనప డొక్క కొనుక్కొచ్చి, లోపల చెక్కలు కొట్టుకుని, పొయ్యి పెట్టుకుని, పక్క వేసుకుని, ఆపైన ఇంగ్లండు కాలువలన్నీ తిరిగిరావాలని అందరి కోరికా. నోరిస్ తన పడవకు కిటికీలు పెట్టడం, అవి కారడం, పీకి మళ్ళీ పెట్టడం తప్ప ముందుకు పోలేదు. డెస్మండ్ రిటైరైన బస్సు డ్రైవరు, మనిషి గాదె లాంటివాడు. వాడి పడవలో పూర్తయింది ఒక్క కుర్చీ. నేనింకా అడుగు తుప్పు గోకుతున్నాను.

మా అందరికన్నా ముందున్నవాడు క్లైవ్ ట్రాంటర్. ఉద్యోగం కార్లు నడిపేవాళ్ళకు పరీక్ష పెట్టడం. స్టాఫర్డ్‌షైర్‌లో మా చుట్టుపక్కల సగంమందిని ఒకసారైనా ఫెయిలు చేసినవాడు. ఆ చూపే పడవ మీదా పెట్టాడు. ఒక తలుపు బిగిస్తాడు, దూరంగా జరిగి తల వంచి చూస్తాడు, పెదవి విరుస్తాడు, విప్పేస్తాడు. మళ్ళీ చిత్రిక పడతాడు. పడకగది తలుపు అలా చిత్రిక పట్టీ పట్టీ చివరికి తలుపు కన్నా సందే పెద్దదైతే, కొత్త తలుపు చేయడం మొదలెట్టాడు. పడవ పేరు మాత్రం, ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, ఇనప డొక్కగా ఉన్నప్పుడే రాయించేశాడు. ‘ప్రింరోజ్’ అని, చుట్టూ గులాబీలతో.

అతని భార్య గ్లెనిస్ బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండి వడ్డించే మనిషి. మూడొందల మంది అల్లరిమూకను గరిటె ఎత్తకుండా వరసలో నిలబెట్టగలదు. ఈస్టరు పండక్కి మా రేవుకొచ్చి, పడవలోకి తొంగి చూసి, మా అందరి ముందే మొగుడితో చెప్పేసింది.

"ఏవయ్యా, విను. మే నెల సెలవు సోమవారం నేనొస్తున్నా. పెనం నేనే తెచ్చుకుంటా. ఇందులో నిలబడి గుడ్లు వేయించుకుని తింటా. కుదిరిందనుకో, ఆ తాళ్ళు విప్పి ఆ పూటే బయల్దేరదాం. కుదర్లేదనుకో, పడవ అమ్మకానికి పెట్టి, రిల్‌లో మా చెల్లి చూసిన బంగళాకి పోదాం. సముద్రం కనబడుద్దంట."

"అది కాదు గ్లెనిస్, ఇంకో రెండు వారాలు గనక..."

"నీ రెండు వారాల్లో పిల్లలు పుట్టి పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి."

ఆ మాటతో క్లైవ్ మొహం పాలిపోయింది. రిల్ బంగళాకు గోడలు ఇటుకవి, తలుపులు ఎవరో బిగించేసినవి. అక్కడతనికి చేయడానికి ఏముంటుంది? గడ్డి కత్తిరించుకోవడం తప్ప.

అప్పట్నించీ వంటింటి మీద పడ్డాడు. శనాదివారాలు మేమూ వెళ్ళి సాయం పట్టాం. సాయమంటే, వంటిల్లు వస్తున్న వైపే, దాన్నానుకుని ముందు పెద్ద బల్లపీట ఉంది. దానిమీద ముగ్గురం వరసగా కూర్చుని, టీ తాగుతూ, ఎక్కడ తప్పు చేస్తున్నాడో చెప్పడం. రెండోవైపు కూర్చుందామన్నా జాగా లేదు, అంతా విప్పేసిన తలుపులు. నోరిస్ తన రసమట్టం కూడా తెచ్చిచ్చాడు. క్లైవ్ వంటగట్టు మీద దాన్ని పెట్టి, బుడగ సరిగ్గా నడిమధ్యకొచ్చేదాకా అడుగున చెక్కముక్కలు పెట్టాడు, తీశాడు, పెట్టాడు. అలమరల తలుపులు తూకం పట్టినట్టు బిగించాడు. వంటగట్టు మీద గుడ్డు పెడితే గుడ్డు కదల్లేదు. అంత సమంగా ఉంది. మాకు కూడా గర్వమేసింది.

నీళ్ళమీద తేలే వస్తువుకు రసమట్టం పట్టకూడదని, పడవ గోడను బట్టే కొలుచుకోవాలని పసిపిల్లాడికైనా తోచాలి. మాకు తోచలేదు. మా ఎవరి పడవా వంటింటి దాకా వస్తే కదా.

సెలవుకు ముందు గురువారం ఆఫీసు నుంచి తిన్నగా రేవుకొచ్చి క్లైవ్ ఒక్కడే పడవెక్కాడట. లోపలికెళ్ళేసరికి అలమర తలుపులన్నీ బార్లా తెరుచుకుని ఉన్నాయట. మూస్తే మళ్ళీ తెరుచుకున్నాయి. సొరుగు దానంతటదే బయటికొచ్చి అతని పొట్టలో పొడిచింది. గుడ్డు పెట్టాడు. గుడ్డు వంటగట్టు అంచుదాకా నడిచి, దూకి చచ్చింది.

శనివారం మేం వెళ్ళేసరికి క్లైవ్ మొహం పీక్కుపోయి ఉంది. మేం లోపలికొచ్చి మా బల్లపీట మీద మా జాగాల్లో కూర్చున్నాం. తలుపులు నెమ్మదిగా, మర్యాదగా మూసుకున్నాయి.

క్లైవ్ మా వంక చూశాడు. తలుపుల వంక చూశాడు.

"ఒరే డెస్మండ్, ఒక్కసారి లే."

డెస్మండ్ లేచి నడిమధ్యకొచ్చాడు. ఓ తలుపు కిర్రుమంది. నోరిస్ లేచాడు, ఇంకోటి. నేను లేచాను. సొరుగు నాలిక బయట పెట్టినట్టు జారుకుంటూ వచ్చింది.

"అంటే ఏమిటిరా," అన్నాడు నోరిస్, "మా ముగ్గురి బరువుకీ పడవ ఇటు ఒరిగి ఉన్నప్పుడు దీన్ని సమం చేశావన్నమాట. మేం లేకపోతే ఇది వంకర."

"ఒరిగింది మన ముగ్గురి బరువుకా? వీడొక్కడి బరువుకా?" అన్నాను, డెస్మండ్ పొట్ట చూపిస్తూ.

"నా పొట్ట మీదికి పోకండి. నేనేం రసమట్టం తేలేదు," అన్నాడు డెస్మండ్.

పడవ అడుగున బరువు కోసం పేర్చిన ఇటుకలు ఇటు జరిపితే సరిపోతుందేమోనని చూస్తే, ఇటుకల మీద నేలచెక్క జిగురుతో అతికించేసి ఉంది. పోనీ, ఈ పీట కింద పెట్టెలో బొగ్గు బస్తాలు దాచేద్దాం అన్నాడు నోరిస్.

"దాస్తే? గ్లెనిస్ కంటబడ్డ ప్రతి మూతా ఎత్తి చూస్తుంది. అదేమిటి, ఇదేమిటి అంటుంది." క్లైవ్ ఆగి, మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. "మనుషుల్నైతే ఎత్తి చూడదు."

ఆ విధంగా మేం బస్తాలమయ్యాం. ఆవిడ వచ్చేముందే కూర్చోవాలి. గుడ్డు వేగి, తిని, బాగుందనేదాకా లేవకూడదు. ఆ తరవాత సంగతి తరవాత.

సోమవారం గ్లెనిస్ పెనం చంకన పెట్టుకుని వచ్చింది. గుడ్లు, బేకను, ఓట్స్ అట్లు, ఇంట్లో చేసిన జాము. మేం వరసగా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాం.

"వీళ్ళిక్కడేం చేస్తున్నారు?"

"చూద్దామని వచ్చారు," అన్నాడు క్లైవ్.

"పొద్దున్నే గడ్డాలు గీసుకుని మరీ?" అంటూ ఆవిడ వంటగట్టును అరచేత్తో తడిమింది. గుడ్డు పెట్టింది. గుడ్డు బుద్ధిగా నిలబడింది. ఆవిడ మొహంలో ఏదో మెత్తబడింది. తలుపు తీసింది, మూసింది. "పర్లేదే! నిజంగానే బావుందయ్యా," అంది. క్లైవ్ చెవులు ఎర్రబడ్డాయి.

బేకను చిటపటలాడింది. వాసనకు మా కడుపులు లేచి కూర్చున్నాయి, మేమే లేవలేదు. "బాబూ నోరిస్, కాస్త ఆ పళ్ళాలందుకో," అంది. నోరిస్ కూర్చున్నచోటు నుంచే చెయ్యి సాచాడు. అందలేదు. ఇంకా సాచాడు.

"లేచి అందుకో నాయనా, సుఖమేం పోదు."

"నడుం పట్టేసిందమ్మా."

"నీకూ పట్టేసిందా?" అంది నావైపు తిరిగి.

"నాకు మోకాలు," అన్నాను.

"ముగ్గురికీ కలిపి ఒక్క మంచి శరీరం లేదన్నమాట," అని పళ్ళాలు తనే తీసుకుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని డెస్మండ్ భయం కొద్దీ పొద్దుటి నుంచీ టీ మీద టీ తాగాడు. వాడి మోకాళ్ళు దగ్గరపడ్డాయి. నుదుట చెమట పట్టింది. "ఒరే, నావల్ల కాదు," అని నా చెవిలో గొణిగాడు. "బిగపట్టరా, ఆవిడ గుడ్డు కొట్టేసింది," అన్నాను. "గుడ్డు దానిదారిన అది వేగుద్ది, నేను పేలిపోతాను," అని మా కాళ్ళు తొక్కుకుంటూ లేచి వెనక ఉన్న మరుగుదొడ్డివైపు పరిగెత్తాడు.

ముందు తెల్లసొన కదిలింది. పెనంలో ఒక పక్కకు చేరింది. తరవాత పచ్చసొన దాని వెంట వెళ్ళింది. అలమర తలుపు ఒకటి తెరుచుకుంది. నోరిసూ నేనూ కంగారుగా గోడకు అతుక్కున్నాం, వీపులు లోపలికి తోసి, ఊపిరి బిగించి. లాభం లేకపోయింది. తలుపులు వరసగా సలాం కొట్టినట్టు తెరుచుకున్నాయి. సొరుగు వచ్చి గ్లెనిస్ తొడను తాకింది.

ఆవిడ పొయ్యి ఆపింది. గరిటె పట్టుకునే మా వంక తిరిగింది.

డెస్మండ్ తేలికపడ్డ మొహంతో తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి.

"లేవండి," అంది గ్లెనిస్.

"నాకు నడుం..."

"లే!"

లేచాం. తెరుచుకున్నాయి.

"కూర్చోండి."

కూర్చున్నాం. మూసుకున్నాయి.

ఆవిడ మమ్మల్ని ఇలా చాలాసార్లే లేపి కూర్చోబెట్టింది. చివర్లో డెస్మండ్ ఒక్కణ్ణే లేపి కూడా చూసింది. గుంజీలు తీయించినట్టుంది. ఆమె నవ్వుతుందో అరుస్తుందో తెలియక మేం నేలవైపు చూస్తున్నాం.

"క్లైవ్," అంది.

అతను దాచలేదు. రసమట్టం, మేం, గురువారం, గుడ్డు, అన్నీ చెప్పేశాడు. చెప్తూ చెప్తూ అతని గొంతులోకి హుషారొచ్చింది. "కాని గ్లెనిస్, ఇది బాగైపోద్ది. వంటిల్లంతా పీకేస్తా. నేలచెక్క కోసి, ఇటుకలన్నీ బయటికి తీసి తూచి పేరుస్తా. ఈసారి గోడను బట్టి కొలుస్తా. అసలా తలుపుల చెక్క కూడా నాకు మొదట్నించీ నచ్చలేదు. చలికాలం వచ్చేలోపు..." కళ్ళు మెరుస్తున్నాయి. కొత్త బొమ్మ చూసిన పిల్లాడి మొహంలా ఉంది.

గ్లెనిస్ ఆ మొహాన్నే చూస్తోంది. మేం చూస్తుండగానే ఆవిడ కోపం ఎటో పోయింది. దాని చోట వచ్చింది చూస్తే మాకు ఇంకా భయమేసింది.

"ఇదన్నమాట సంగతి. నీకు పడవ అక్కర్లేదు, పడవపని కావాలి," అంది నెమ్మదిగా.

క్లైవ్ ఓ తలుపు అంచును వేలితో తడిమాడు.

"దానికి రేవు దేనికి? రిల్ దేనికి? పోతూ పోతూ చేసుకో." ఆవిడ మమ్మల్ని లేచే ఉండమని, నేలమీద పడున్న చెక్కముక్కలు రెండు ఏరి, పొయ్యి ముందుకాళ్ళ కింద తోసింది. పొయ్యి మళ్ళీ వెలిగించి పెనం పెట్టి చూసింది. పచ్చసొన నెమ్మదిగా నడిమధ్యకొచ్చింది. ఏప్రను తాడు విప్పి అలమర పిడులకు ఈ చివర నుంచి ఆ చివరకు చుట్టి ముడేసింది. "గుడ్డు వేగడానికి ఇంతకన్నా ఏం కావాలి? తినండి, చల్లారిపోద్ది."

తిన్నాం. ఆవిడ తినలేదు, బయటికెళ్ళింది. కాసేపటికి ఇంజను దగ్గి, అందుకుంది. కిటికీలో నా పడవ వెనక్కి జరుగుతూ కనబడింది. నా పడవ ఎప్పుడూ కదల్లేదు, కాబట్టి కదిలేది మేమేనని అర్థమైంది.

"గ్లెనిస్! పడకగదికి తలుపే లేదు!" అని అరిచాడు క్లైవ్, నోట్లో ఓట్స్ అట్టుతో.

"కళ్ళు మూసుకుంటాలే!"

"వెనక దీపాలకి తీగలు కలపలేదు!"

"పగలేగా!"

అతను పైకెళ్ళి చుక్కాని తీసుకుంటాడనుకున్నాను. తీసుకోలేదు. జీవితమంతా పక్కన కూర్చుని ఎదుటివాళ్ళు నడుపుతుంటే తప్పులు రాసుకున్న మనిషి, అలవాటుగా ఆవిడ పక్కనే నిలబడి "కుడికి... కుడికి... అద్దం లేదుగా, వెనక్కి చూడు," అంటున్నాడు. ఆవిడ వినడం లేదు.

మైలున్నర దూరంలో, పడవల్ని పై నీటి నుంచి కింది నీటికి దించే మొదటి లాకు దగ్గర మమ్మల్ని దింపింది. నడుం, మోకాలు ఏవీ గుర్తు చేయకుండా లాకు తలుపులు తిప్పడం మా చేత చేయించింది. పడవ లాకులోకి వెళ్ళేటప్పుడు రాతిగోడకు ఒరుసుకుంది. గులాబీల మీదుగా పొడుగ్గా ఓ గీత పడింది. క్లైవ్ గుండె పట్టుకున్నాడు.

"రంగు! నా రంగు!"

"వచ్చే శనివారానికి పని దొరికింది. సంతోషించు," అంది గ్లెనిస్.

నీళ్ళు దిగుతుంటే వాళ్ళూ దిగుతూ పోయారు. పైనుంచి మాకు ఇద్దరి తలలే కనబడుతున్నాయి. అతనప్పటికే జేబులోంచి కొలతపట్టీ తీసి ఆ గీత పొడుగు కొలుస్తున్నాడు. కింది తలుపులు తెరిచాం. ‘ప్రింరోజ్’ మెల్లగా బయటపడి, వంగిన చెట్ల కిందుగా వెళ్ళిపోయింది, క్లైవ్ గీత మీదికి వంగిన వైపుకు కొంచెం ఒరిగి.

"ఏ ఊరు పోతారో చెప్పలేదే," అన్నాడు డెస్మండ్.

"వాళ్ళకి మాత్రం తెలుసా," అన్నాడు నోరిస్. వెనక్కి నడవడం మొదలెట్టాం.