నిజం తెలిసిన మనిషి

మా గదికి ఒక నియమం ఉంది. ఇక్కడ పనిచేసే మనిషి తన వాళ్లలో ఒక్కరికైనా నిజం చెప్పి, ఆ ఒక్కరి నంబరు తోటి మనిషికి ఇచ్చి ఉంచాలి. ఏ తాగుబోతో గొంతు పిసికితే కబురు అందుకోవడానికి ఒకరుండాలి కదా. నేను మా చెల్లి నంబరు ఇచ్చాను. అంతకన్నా బుద్ధితక్కువ పని నా జన్మలో చేయలేదు.

నాతో పనిచేసే ఆవిడను దగ్గులక్క అంటాను. ఏ రోగమూ లేదు ఆవిడకు. నేను లోపల మగవాడితో ఉన్నంతసేపూ ముందుగదిలో కూర్చుని దగ్గుతుంది, బయట మనిషి ఉందని వాడికి తెలియాలని. ఆవిడ లోపలుంటే దగ్గడం నా వంతు.

నిజం చెప్పిన రోజు చెల్లి ఏడ్చింది, ఎందుకీ పని అని. దాచకుండా చెప్పాను. మొగుడు ఇంకో కాపురం పెట్టాక ఆసుపత్రిలో నేలలు తుడిచాను. రెండు షిఫ్టులు చేస్తేగానీ ఇల్లు గడిచేది కాదు. బడి నుంచి వచ్చిన నా కూతురు చీకటిపడేదాకా తాళం వేసిన తలుపు ముందు కూర్చునేది. ఒకరోజు అక్కడే ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉంది. ఈ పని బడి వదిలేలోపే అయిపోతుంది. నచ్చనివాణ్ణి పొమ్మనొచ్చు. ఆసుపత్రిలో సూపర్‌వైజర్ చేతుల్ని పొమ్మనలేకపోయాను. ఎవరూ నన్ను ఇందులోకి తోయలేదు, ఆలోచించుకుని నేనే వచ్చాను.

"కడుపులో దాచుకుంటానక్కా," అంది చెల్లి.

మూడేళ్లు దాచుకుని, పిల్లల సంక్షేమం చూసే అధికారిణి దగ్గర కక్కింది. చెల్లికి పిల్లలు లేరు. నా కూతుర్ని పెంచుకుంటానని రెండుసార్లు అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. మూడోసారి నన్నడగలేదు.

విచారణకు ముందురోజు దగ్గులక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నేనే మోసం చేసి నిన్ను దింపానని చెప్పెయ్యవే. జాలిపడి పిల్లని నీకే వదిలేస్తారు. నాకేం, జైల్లో కూడా దగ్గుకోవచ్చు."

నోరు ముయ్యమని తిట్టాను. పరాయి మనిషికున్న పాటి మనసు నా రక్తానికి లేకపోయిందే అని ఆ పూట అన్నం సహించలేదు.

"మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?" అని అధికారిణి అడిగింది. "అలా అయితే చెప్పండమ్మా, అప్పుడు వేరేగా చూస్తాం."

నేను నోరు తెరిచేలోపే చెల్లి అందుకుంది. "ఎవరూ లేరు మేడం. తనే కావాలని వెళ్లింది. నాతో తనే చెప్పింది."

అందులో ఒక్క అబద్ధం లేదు. నా మాటతోనే నా గొంతు కోసింది. నన్నెవడో అమ్మేసి ఉంటే అయ్యో అనేవాళ్లు. నాకు నేనుగా వచ్చాను కాబట్టి తల్లిగా పనికిరాను.

"మేడం," అన్నాను, "చెల్లీ మరిదీ ఇద్దరూ ఉద్యోగాల నుంచి చీకటిపడ్డాకే వస్తారు. బడి నుంచి వచ్చిన పిల్లకి తలుపెవరు తీస్తారో అడగండి."

అధికారిణి చెల్లి వైపు చూసింది.

"తాళంచెవి దాని సంచిలో వేస్తాను మేడం. తొమ్మిదేళ్లొచ్చాయి, ఆమాత్రం తలుపు తీసుకోలేదా?"

అధికారిణి తలూపి సంతకం పెట్టింది. సాయంత్రంలోగా పిల్ల బట్టలు సర్ది ఉంచమని చెల్లి నాతో చెప్పింది. అక్కా అని మాత్రం అనలేదు.