జలుబుతో పాడిన ట్రాక్

మా పెళ్ళయి నలభై మూడు రోజులు. ఈ నలభై మూడు రోజుల్లో నేను చాలా కనిపెట్టాను. ఒకే గొడుగు కింద ఇద్దరు నడిస్తే ఇద్దరూ తడుస్తారు, అయినా రెండో గొడుగు కొనబుద్ధి కాదు. మా ఆయన పాడేముందు కళ్ళజోడు తీసి నా చేతికిస్తాడు, అది నాకిచ్చిన పదవిలా ఉంటుంది. ఇంకొకటి, సినిమా పాటల స్టూడియోలో సోఫా ఎంత మెత్తనో మనుషుల్లో మర్యాద అంత తక్కువ.

మా ఆయన పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. సాయంత్రాలు తనే పాట రాసి, తనే బాణీ కట్టి, తనే పాడతాడు. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే చొక్కాల మధ్య మైకు పెట్టి పాడితే గదిలో ప్రతిధ్వని రాదట. అలా రెండేళ్ళు కష్టపడి ఎనిమిది పాటలు చేశాడు. ఆదివారం పొద్దున వాటిని తన పేరుతో నెట్‌లో పెట్టాలి. దుకాణంలో అందరికీ చెప్పుకున్నాడు. కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పాడని నా అనుమానం.

సరిగ్గా అప్పుడే సినిమా సంగీత దర్శకుడు పిలిచాడు. అందరూ ఆయన్ని గురువుగారంటారు. ఆయన ఎవరికైనా ఏమైనా నేర్పగా నేను చూడలేదు. ఎనిమిదింట్లో నాలుగో పాట ఆయన చెవిన పడిందట, సినిమాలోకి కావాలన్నారు. మా ఆయన కూడా తన గొంతుతో దాన్ని విడిగా పెట్టుకోవచ్చన్నారు. కాగితాలు తర్వాత చూసుకుందామన్నారు.

ఈ కబురు విని మా ఆయన మేనత్త కొడుకు వచ్చాడు. నాకు అన్నయ్య వరస. ఆయన కూడా సొంతంగా పాటలు కట్టేవాడే.

"అమ్ముడుపోయావు బావా," అన్నాడు, మా ఇంట్లో టీ తాగుతూనే.

"మీ పాట ఎంతవరకు వచ్చింది అన్నయ్యా?" అన్నాను.

"పల్లవి దగ్గరున్నానమ్మా. తొందరపడితే నిజాయితీ పోతుంది."

"ఎనిమిదేళ్ళుగా పల్లవి దగ్గరే నిజాయితీగా కూర్చున్నారన్నమాట."

ఆయన రెండో కప్పు అడగలేదు. అది కూడా నిజాయితీయే అనుకున్నాను.

ఆ ఆదివారం ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం మా ఆయన్ని ట్రాక్ పాడటానికి రమ్మన్నారు. ట్రాక్ అంటే, పెద్ద గాయకుడు వచ్చేలోగా ఎవరో ఒకరు పాటంతా పాడి ఉంచాలి. పెద్దాయన దాన్ని చెవిలో పెట్టుకుని, వింటూ అలాగే పాడి వెళ్ళిపోతాడు. తర్వాత మొదటి గొంతును తీసి పారేస్తారు. ఇల్లు కట్టాక పరంజా ఊడదీసినట్టు.

ఆ వారమంతా వానలు, పైగా మాది ఒకటే గొడుగు. మా ఆయనకి జలుబు పట్టుకుంది.

"రెండు రోజులాగి పాడతానండీ," అని గురువుగారి మేనేజరుని బతిమాలాడు. ఆ మేనేజరు ప్రతిదానికీ 'సర్దుకుందాం' అంటాడు కాబట్టి ఇంట్లో మేమాయనకి సర్దుబాటాయన అని పేరు పెట్టుకున్నాం.

"ట్రాకే కదండీ, ఎవరు వింటారు? సర్దుకుందాం."

మా ఆయన మూసుకుపోయిన ముక్కుతోనే పాడాడు. రెండో చరణంలో రెండు కాగితాలు అతుక్కుపోయాయి. 'వెళ్ళిపోయిన వానకి' అని ఆగి, కాగితాలు విడదీసుకుని, ముక్కు గట్టిగా ఎగబీల్చి, 'వీధి పేరు గుర్తుందా' అని అందుకున్నాడు. మళ్ళీ పాడతానంటే వద్దన్నారు.

బుధవారం పెద్ద గాయకుడు వచ్చాడు. ఆయన బిరుదు స్వర్ణకంఠం. ఎవరిచ్చారో తెలియదు, ఆయనైతే కాదనలేదు. వెంట సొంత దిండు, మెడకి మఫ్లరు, మూడు రకాల వేణ్ణీళ్ళ ఫ్లాస్కులు. పాట రాసింది ఎవరని అడగలేదు. ఎదురుగా కూర్చున్న మా ఆయన్ని చూసి, "ఏసీ కాస్త తగ్గించు," అన్నాడు. మా ఆయన లేచి తగ్గించాడు కూడా. నాకు ఒళ్ళు మండింది.

స్వర్ణకంఠం హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాడటం మొదలుపెట్టాడు. అద్దం ఇవతల నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి ముక్కు మూసుకుపోయినట్టు పాడుతున్నాడు. రెండో చరణం వచ్చింది. 'వెళ్ళిపోయిన వానకి' అన్నాడు. ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. సరిగ్గా అంతసేపే, అంత గట్టిగానే. 'వీధి పేరు గుర్తుందా.'

నేను మా ఆయన భుజంలో మొహం దాచుకుని వణికిపోయాను. గురువుగారు నేను ఏడుస్తున్నాననుకున్నారు.

"చూశావా అమ్మా ఆ నిశ్శబ్దం," అన్నారు కళ్ళు మూసుకుని. "ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంటే తప్ప రాదు."

స్వర్ణకంఠం బయటికొచ్చి మఫ్లరు సర్దుకున్నాడు. "ఈ పాటకి దుఃఖం ముక్కులోంచి రావాలని నాకు తోచింది," అన్నాడు. గదిలో అందరూ తలలూపారు. ఆ తలలన్నీ శనివారం మా ఆయన తుమ్ముతుంటే విసుక్కున్నవే.

ఆయన వెళ్ళాక మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టారు. మర్యాద తగ్గబోతోందని నాకు అర్థమైంది.

"చిన్న సర్దుబాటు కావాలి," అన్నాడు సర్దుబాటాయన. "మీ మిగతా పాటలు కూడా విన్నాం. అన్నీ అచ్చం స్వర్ణకంఠంగారు ఇవాళ పాడినట్టే ఉన్నాయి. ఆదివారం మీవి బయటికొస్తే, మీరు ఆయన్ని అనుకరిస్తున్నారనుకుంటారు జనం."

"అవి రెండేళ్ళుగా పాడుతున్నవండీ. ఆయన పాడింది ఇవాళ," అన్నాడు మా ఆయన.

"జనం తారీఖులు చూడరు కదండీ. సినిమా వచ్చి ఏడాది గడిచేదాకా మీవి ఆపేయండి. లేదా గొంతు మార్చి మళ్ళీ పాడండి."

"గొంతు మార్చడమంటే?"

"కాస్త బొంగురుగా."

గురువుగారు ముందుకు వంగారు. "పిచ్చివాడా, నీకు ఎంత పెద్ద తలుపు తెరుచుకుందో చూసుకో. ఇకనుంచి ఆయన పాటలన్నిటికీ ట్రాక్ నీదే. నీ గొంతు ఊరూరా వింటారు."

"నా గొంతు తీసేస్తారు కదండీ?"

"తీసేశాకే కదా వింటారు."

ఆ మాటని ఆయన దీవెనలాగే అన్నారు. నేను జాగ్రత్తగా చూశాను, మొహంలో ఎక్కడా వెటకారం లేదు. వెటకారమైతే కాస్త గౌరవించేదాన్ని.

మా ఆయన పది నిమిషాలు అడిగి నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను తిట్టడానికి మాటలన్నీ వరసగా పేర్చుకుని ఉన్నాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"ఒక్కసారి హాల్లో చీకట్లో కూర్చుని నా పాట వినాలనుంది," అన్నాడు మెల్లగా. "పక్కన ఎవరో తెలియనివాళ్ళు ఉండాలి. చిన్నప్పట్నుంచీ ఉన్న ఆశ. నవ్వకు."

"నవ్వట్లేదు."

"ఎవరు పాడితేనేం, పాట నాదే కదా అనిపిస్తోంది. మళ్ళీ ఆ ఎనిమిదీ ఏడాదిపాటు పెట్టెలో పడుంటాయంటే ఊపిరాడట్లేదు. నువ్వు చెప్పు."

"నేను చెప్పను. చెబితే రేపు సినిమా వచ్చినప్పుడల్లా తప్పు నాదన్నట్టు నా మొహం చూస్తావు."

"సాయం చేయమంటే భయపెడతావేంటే."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి నా చేతికివ్వలేదు. తనే పెట్టుకుని లోపలికి నడిచాడు.

"నాలుగో పాట సినిమాకి తీసుకోండి. ఆయన పాడిందే ఉంచండి, నా పేరు లేకపోయినా ఫరవాలేదు," అన్నాడు. "ఆదివారం మాత్రం నా ఎనిమిదీ వస్తాయి. ఈ గొంతుతోనే."

"అయితే పాటే వద్దు," అన్నారు గురువుగారు వెంటనే. కూరగాయల బండి దగ్గర బేరం తెగనట్టు అంత తేలిగ్గా. కీబోర్డు ముందున్నాయన వైపు తిరిగి, "ఇలాంటిదే ఒకటి చూడు. వాన ఉండాలి, వీధి వద్దు," అని పురమాయించారు.

"పోనీ నా ట్రాక్ నాకిచ్చేయండి," అన్నాడు మా ఆయన.

"అదింకా ఎక్కడుంది? పెద్దాయన పాడగానే చెరిపేశాం కదా," అన్నాడు సర్దుబాటాయన.

బస్సులో మా ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం గురువుగారి మెత్తని సోఫా దగ్గర్నుంచి మూడో ఫ్లాస్కు దాకా ఒక్కరినీ వదలకుండా తిట్టాను. మా స్టాపు కూడా దాటిపోయాం.

ఆదివారం పది గంటలకి ఎనిమిది పాటలూ పెట్టాడు. వంటగదిలో నిలబడి ఫోను మధ్యలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాం, కూర్చోవాలని కూడా తోచకుండా. పదకొండుకి ముగ్గురు విన్నారని చూపించింది.

"ఇద్దరం మనమే," అన్నాడు.

"మరి మూడో మనిషి?"

"తెలియదు." ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఎవరో గానీ, నాలుగోది రెండోసారి పెట్టుకున్నారు."

నా చెయ్యి పట్టుకున్నాడు. పాట అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు, ఎక్కడో ఎవరో వింటున్నది మేం చెడగొడతామేమోనన్నట్టు.