ఉప్పు పడని కూర

ఎస్నాతి గుమ్మడాకు కూరలో వేరుశనగ పొడి కలిపి, ఉప్పు గిన్నె జోలికి పోకుండా పక్కకు జరిగింది. మా వైపు అదో కట్టుబాటు. ముట్టయినా, ఒంట్లో నలతగా ఉన్నా ఆడది కూరలో ఉప్పు వేయదు, ఇంకెవరో వేయాలి. మళ్ళీ ఆమె చేత్తో ఉప్పు పడిందంటే మగడికి అది పిలుపన్నమాట.

నలభై రోజులుగా అత్తే వేస్తోంది, సణుగుతూ. “వేసీ వేసీ నా వేళ్ళు పుండ్లయ్యాయి. నిన్ను దూరంగా ఉండమన్న ఆ క్లినిక్ నర్సమ్మనే వచ్చి వేయమనకపోయావా?”

పదహారేళ్ళ కాపురంలో మూడు కాన్పులు నిలవలేదు. “నీ లోపలే కుళ్ళింది” అని అత్త అన్ననాడు మగడు లాక్సన్ అక్కడే ఉన్నాడు, కాదనలేదు. నీళ్ళ బిందెనైతే ఇల్లు చేరాక దించుకోవచ్చు. ఆ మాటను ఎక్కడ దించుకుంటుంది?

రక్తపు చుక్కలు కనబడితే క్లినిక్కి వెళ్ళింది. నర్సు తియోనెంజి వెనిగర్‌లో ముంచిన దూది లోపల అద్ది, కెమెరా పెట్టి, తెరను ఆమె వైపు తిప్పింది. “చూడమ్మా, ఇది నీ గర్భసంచి ముఖద్వారం.”

గుండ్రంగా, తడిగా, కోసిన జామపండు రంగులో ఉంది. అంచున మాత్రం గోరంత తెల్లటి మచ్చ.

“కుళ్ళిందా?”

“ఎవరన్నారు? ఇంత చక్కగా ఉంటేనూ. వెనిగర్‌కి తెల్లబడిన ఆ మచ్చను వదిలేస్తే ఎప్పటికైనా కాన్సర్ కావచ్చు. ఇప్పుడే వేడితో కాల్చేస్తాను. ఆరు వారాలు మీ ఆయన దూరంగా ఉండాలి మరి. అడిగి వస్తావా?”

అడిగి వస్తామని వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువని ఎస్నాతికి తెలుసు. “కాల్చమ్మా. ముందు ఇంకోసారి చూపించు” అంది.

ఆనాటినుంచి జొన్నలు దంచుతున్నా, నీళ్ళు మోస్తున్నా ఆ తెరే కళ్ళల్లో. ముప్పై ఎనిమిదేళ్ళు తనలోనే ఉండి తనకే ముఖం చూపనిది! తెరమీద చూపించారని, ఆరు వారాలు దూరంగా ఉండాలని లాక్సన్‌కి ఆ రోజే చెప్పింది; చూసిందేమిటో కూడా చెప్పాలని ప్రాణం కొట్టుకునేది. ఏం చూశావని ఒక్క మాట అడుగుతాడేమోనని రోజూ జొన్నముద్ద వడ్డిస్తూ అతని ముఖంలోకి చూసేది. అతను అడిగిందల్లా ఒకటే, ఇంకా ఎన్ని రోజులని. గోడమీద బొగ్గుతో గీతలు కూడా గీశాడు.

గీతలు నిండిన రోజు అత్త ఉప్పు గిన్నె ఎస్నాతి ముందుకు తోసి బయటికి నడిచింది. లాక్సన్ చేతులు కడుక్కుని, నవ్వుతూ కూర్చుని, ముద్ద కూరలో అద్ది నోట పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

“ఉప్పేదీ?”

ఎస్నాతి అతని ఎదురుగా కూర్చుంది. “వేస్తాను. నేనేం చూశానో ముందు అడగండి.”