నగోయాలో గారెల పిండి

నేను ఒక మిక్సీని. అమలాపురంలో కొన్న మిక్సీని. నా పొట్ట కింద ఒక రేకు మీద 230 వోల్టులని రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. నన్ను కొన్న సుబ్బారాయుడుగారూ చదవలేదు; పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశారు. చాలదూ?

ఆయనకు గారెలంటే ప్రాణం. కోడలు సువర్చల కాపురానికి వచ్చాక కూడా పిండి రుబ్బే పని మాత్రం వదల్లేదు. నా మూత మొదటి ఏడే వదులైంది. కొత్తది కొనొచ్చు కదా! కొనలేదు. అరచెయ్యి మూత మీద అదిమిపెట్టి, "ఊఁ, కానీ" అనేవారు. ఆ మాట వినకుండా నేను తిరిగి ఎరగను.

కిందటేడు ఆయన పోయారు. తర్వాత కొడుకు ఫణీంద్రకు జపానులో, నగోయాలో ఉద్యోగం వచ్చింది. సువర్చల నన్ను చీరల మధ్య చుట్టి తీసుకెళ్ళింది.

అక్కడి గోడలకు రెండు సన్నని చీలికలు. నా ప్లగ్గుకేమో మూడు లావుపాటి పిన్నులు. ఫణీంద్ర ఓ అడాప్టరు తెచ్చి తగిలించి, "అంతే, అయిపోయింది" అన్నాడు. అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుంది గాని కరెంటును మారుస్తుందా? ఆ గోడలో ఉన్నది వంద వోల్టులు. నా ఆకలికి ఏ మూలకి?

మామగారి సంవత్సరీకం దగ్గరపడింది. గారెలు లేని తద్దినమేమిటని, ముందుగా ఓసారి చూసుకుందామని సువర్చల మినప్పప్పు నానబోసి నాలో వేసింది. నేను మూలిగాను.

"విమానంలో దెబ్బ తిన్నట్టుందండీ."

"కాసిని నీళ్ళు పొయ్యి, అదే తిరుగుతుంది," అన్నాడు ఫణీంద్ర.

"గారెల పిండిలో నీళ్ళా? మామయ్యగారు వింటే నన్ను పుట్టింటికి పంపేసేవారు!"

అతనే గ్లాసుడు పోశాడు. తిరిగాను. అది కాస్తా దోసెల పిండైంది. మూకుట్లో వేసిన గారె నిలవకుండా నూనెంతా పరుచుకుంది. సువర్చల స్టవ్ ఆపేసింది.

"ఆయన నోరు తెరిచి అడిగేది అదొక్కటే. అదీ పెట్టలేకపోతున్నాం," అని ఏడ్చింది. నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. ఇందులో నా తప్పేముంది?

తుడుద్దామని నన్ను తిరగేసినప్పుడు ఫణీంద్రకు ఆ రేకు కనబడింది.

"నా మతి మండా! దీనికి రెండు వందల ముప్ఫై కావాలి, సువర్చలా!"

మర్నాడు ట్రాన్స్‌ఫార్మరు మోసుకొచ్చాడు. చేతులు లాగేసేంత బరువు. గోడలోని వందను నాకు సరిపడా పెంచి ఇస్తుందట. దాని దయ మీద తిరగాలా అని ఆ పెట్టెను చూస్తే నాకు ఒళ్ళు మండింది, కానీ అన్నం పెట్టేవాళ్ళను ఏమంటాం?

తద్దినం రోజు పొద్దున సువర్చల స్విచ్చి వేసింది. అబ్బ, ఎన్నాళ్ళకు! గర్జించాను. మూత ఎగిరిపడబోయింది. పక్కనే ఉన్న ఫణీంద్ర చెయ్యి దానంతటదే వచ్చి మూతను అదిమింది, వాళ్ళ నాన్న అదిమిన చోటే. సువర్చల తల తిప్పి చూసింది.

"ఊఁ, కానీ," అన్నాడు.

కానిచ్చాను. చెయ్యి తడిపి చిలకరించిన నీళ్ళు తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ వేళ ఆయన పేర వేసిన విస్తట్లో గారెలు గారెల్లాగే ఉన్నాయి.