గద్దగుట్ట మీద పొగ

కోరుట్ల బజారులో మా బావ భూమయ్యను కరెంటు స్తంభానికి కట్టేశారు. చలికాలం. పొద్దు ఇంకా ఎక్కలేదు. వీరేశం సేటు దుకాణం ముందర జనం గుమిగూడారు. సేటు తేనె కుండ మూత విప్పి అందరికీ చూపించాడు.

"సూడుండ్రి. గడ్డ కట్టింది. తేనె గడ్డ కడ్తదా ఏడనన్న? చక్కెర కలిపిండు దొంగ నాకొడుకు."

"చలికి పేరుకున్నది సేటూ," అన్నాడు బావ. "ఎండకు పెట్టు, కరుగుతది."

"ఎండకు పెట్టాల్నా? పెడ్త."

కుండ తెచ్చి బావ నెత్తి మీద బోర్లించాడు. పేరుకున్న తేనె ముద్దలు ముద్దలుగా పడి జుట్టుకు పట్టింది. జనంలో కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో హమాలీలు ఉన్నారు, మాలాంటి పల్లెల వాళ్లూ ఉన్నారు. తన మీద పడనంత వరకు పేదోడు కూడా నవ్వుతాడు. నేను కట్టు విప్పబోతే సేటు మనిషి మోకాలి మీద కర్రతో కొట్టాడు.

అడవి తేనె, మైనం, తునికాకు కంట్రాక్టు వీరేశం సేటుది. అతనికి తప్ప ఇంకొకరికి అమ్మితే మా మీద దొంగతనం కేసు. అతను తేనెను ఇనుప గంగాళంలో పోసి కాచేవాడు. కాస్తే నల్లబడేది, వాసన పోయేది. కాని సీసాలో ఏడాదంతా నీళ్లలాగ పారేది. పట్నం వాళ్లకు అదే నచ్చేది. మేము మాత్రం కుండను పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో దించి ఉంచేవాళ్లం. చలిలో నెత్తిన పెట్టుకుని కోరుట్ల దాకా నడిచేసరికి పేరుకుంది. అంతే జరిగింది.

పొద్దు ఎక్కింది. బావ నెత్తి మీది ముద్ద మెత్తబడింది. కనుబొమ్మల మీంచి, ముక్కు మీంచి, గడ్డం మీంచి ధార కట్టింది. ఇప్పపువ్వు వాసన బజారంతా కొట్టింది. ఈగలు ముసిరాయి. చీమలు కాళ్ల మీంచి ఎక్కాయి. చేతులు కట్టేసి ఉన్న మనిషి తుడుచుకోలేడు. నవ్వు ఆగిపోయింది.

బీడీల గంప పట్టుకొని పోతున్న గౌరవ్వ అక్కడ ఆగింది. బీడీ కార్మికుల సంఘంలో ఆమె మాట నడిచేది. వేలితో బావ చెంప మీది తేనె తీసి నాకింది.

"అసలు తేనె ఇది. చక్కెరైతె గిట్ల కారదు. మనిషిని ఇప్పు సేటూ."

"నీ బీడీలు నువ్వు చుట్టుకోపోవె."

"చుట్టుకుంట. గీ మనిషిని ఇప్పినంక పోయి చుట్టుకుంట."

ఆమె వెనుక గంపల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. సేటు విప్పించాడు. విప్పిస్తూ అన్నాడు: "ఎండకాలం గద్దగుట్ట తేనె మొత్తం నాకు రావాలె. ఒక్క తేనెపెర తగ్గినా మీ గూడేన్నే కట్టేస్త."

ఇన్నేండ్లకు ఈ సంగతి సిరిసిల్లలో చెప్తుంటే మరమగ్గం సాంచలు నడిపే తమ్ముడొకడు అడిగాడు, తేనె కోయడానికి పొగ ఎందుకే తాతా అని. సాంచ ముందర నిలబడేవాడికి గుట్ట సంగతి తెలియదు. గుట్ట ఎక్కేవాడికి సాంచ సంగతి తెలియదు. అందుకే ఒకరికొకరం చెప్పుకోవాలి.

తేనెటీగ పువ్వు మీద వాలి రసం తెస్తుంది. అది నీళ్ల తీరు ఉంటుంది. పెరలో పోసి ఈగలన్నీ రెక్కలతో విసురుతాయి. నీరు ఎగిరిపోయి చిక్కబడ్డాక మైనంతో మూత వేస్తాయి. మూత పడని తేనె కోస్తే పులిసిపోతుంది. పైమూల తేనె ఉంటుంది, కింద పిల్లగూడు ఉంటుంది. పైది కోసి పిల్లలను విడిచిపెట్టాలి. మా గూడెం పక్క గద్దగుట్ట మీది పెర మనిషి చేతులు చాపినంత వెడల్పు. దాని మీద ఈగలు గొంగడి కప్పినట్టు ఉంటాయి. అమావాస్య చీకట్లో పోయి, పచ్చి తంగేడు మండలు కాల్చి పొగ పెడితే పక్కకు జరుగుతాయి. పట్టపగలు పొగ లేకుండా చెయ్యి పెడితే మనిషిని చంపుతాయి. వాటి తప్పు లేదు. వాటి కష్టం అది.

మా గూడెంలో తేనె కోసేవాడి తాడు బావమరిదే పట్టాలి. తోడబుట్టిన దాని బతుకు ఎవడూ చేజార్చుకోడని అట్ల పెట్టారు. భూమయ్య మా అక్క సాయవ్వ పెనిమిటి. అతని తాడు నాది.

ఆ ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో కూలీలు సంఘాలు కట్టారు. దొరల గడీలకు వెట్టి మానేశారు. సర్కారు ఈ దిక్కంతా కల్లోలిత ప్రాంతం అన్నది. మా బడిలో పిల్లలను వెళ్లగొట్టి పోలీసు క్యాంపు పెట్టింది. ఎండాకాలం రాగానే చాటింపు వేయించారు. అడవిలో పొగ లేవొద్దు. పొగ లేస్తే అది అడవిలో ఉన్న నక్సలైటు అన్నలకు సైగ. పొద్దుగూకినాక అడవిలో మనిషి కనపడితే కాలుస్తారు.

గద్దగుట్ట పెరలకు అప్పటికే తెల్లటి మూతలు పడ్డాయి. గూడెం కూర్చుంది.

"అమాసకు పోవద్దట, పొగ పెట్టద్దట. ఇగ తేనె ఎట్ల కోసుడు? ఊదుకుంట కోయాల్నా?" అన్నాడు బావ.

"కోయకుండ్రి. ఏమైతది?" అన్నది అక్క.

"ఏమైతదా?" చంద్రయ్య కాక తల ఊపాడు. గూడేనికి పెద్ద అతనే. "సర్కారుతోని మనకు పంతమెందుకు బిడ్డా. దండం పెట్టి బతికినోళ్లం. పోయి అడుగుదాం."

పోయాం. బడిలో పంతులు కుర్చీలో ఎస్సై కూర్చున్నాడు. పక్కన వీరేశం సేటు చాయ తాగుతున్నాడు.

"సారూ, ఈగకు పొగ కావాలె," అన్నాడు చంద్రయ్య కాక.

"ఈగకా, అన్నలకా?" అన్నాడు ఎస్సై.

"మేం కొయ్యం అంటుండ్రు సూడు సారూ," అన్నాడు సేటు. "అంటె తేనె అడవిల ఉన్నోళ్లకు పోతున్నట్టే."

"నువ్వన్న చెప్పు సేటూ," అన్నాడు బావ. "పొగ లేకుంట చెయ్యి పెడితె సస్తం."

"అడవిల పుట్టినోళ్లు మీరు. మిమ్ముల కుడుతయా ఈగలు? సుట్టాలే గద."

కానిస్టేబుళ్లు నవ్వారు. ఎస్సై నవ్వలేదు. చంద్రయ్య కాక వెనుక అతని కొడుకు ఐలయ్య నిలబడి ఉన్నాడు. ఎస్సై వేలితో చూపించాడు.

"వీడు ఇక్కడే ఉంటాడు. తేనె వచ్చాక తీసుకెళ్లండి."

మర్నాడు ఐలయ్య తల్లి పోచవ్వ అన్నం గిన్నె తీసుకుని పోయింది. గిన్నె అట్లనే తిరిగి తెచ్చింది. "ముద్ద పట్టస్తలేదు వానికి. కొట్టిండ్రు, వేళ్లు వంగుతలేవు," అని చెప్పి గోడకు ఒరిగింది.

చంద్రయ్య కాక తలగుడ్డ తీసి బావ ముందర పెట్టాడు.

"గవ్వన్ని ఎందుకే కాకా," అన్నాడు బావ. "కట్టుకో. నేను దిగుత."

"పట్టపగలా? పిచ్చి లేసిందా నీకు?" అక్క అరిచింది.

"మరి పోరడు ఆడ సావాల్నా?"

అక్క తిట్టింది. ఏడ్చింది. తర్వాత తన చీరలు తెచ్చి బావ కాళ్లకు చేతులకు ఒత్తుగా చుట్టింది. చుట్టినంత సేపూ తిడుతూనే ఉంది.

గుట్ట మీద ఇద్దరు కానిస్టేబుళ్లు తుపాకులతో మా కంటే ముందే కూర్చున్నారు. మా దగ్గర ఉన్న అగ్గిపెట్టెలు, చుట్టలు లాక్కున్నారు. నేను మోదుగ నార తాడు నడుముకు వేసుకుని రాతికి కాళ్లు తన్నిపెట్టాను. వెనుక చంద్రయ్య కాక, ఇంకా నలుగురు.

"బామ్మర్దీ, ఒక్క గుంజు గుంజితె దించు. రెండు గుంజితె లాగు," అన్నాడు బావ. అది నాకు తెలిసిందే. ఎప్పుడూ చెప్పేవాడే.

దిగాడు. ఒక గుంజు. దించాను. కత్తి మైనంలో దిగిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత లోయలోంచి ఒక హోరు లేచింది. వాన వచ్చినట్టు. తాడు అటూ ఇటూ కొట్టుకుంది. గుంజు రాలేదు.

"లాగుండ్రి!" అని అరిచాను.

లాగుతుంటే ఈగలు అంచు దాటి మా మీదికి వచ్చాయి. కండ్ల మీద, చెవుల్లో, పెదవుల మీద. తాడు విడిస్తే బావ పోతాడు. ఎవరూ విడవలేదు.

"జవానూ! అగ్గిపెట్టెయ్యి! నీ కాళ్లు మొక్కుత, అగ్గిపెట్టెయ్యి!" చంద్రయ్య కాక అరిచాడు.

కానిస్టేబులు తుపాకి ఎత్తాడు. "అగ్గి గీస్తే కాల్చేస్తా. ఆర్డరు."

ఆ మాట పూర్తి కాకముందే ఈగలు వాళ్లనూ అందుకున్నాయి. ఇద్దరూ టోపీలు పారేసి వాగు మడుగు దిక్కు ఉరికారు. మడుగు అందేట్టు లేక గుట్ట మీదనే ఎండుగడ్డి కుప్ప చేసి, మా దగ్గర లాక్కున్న అగ్గిపెట్టెతోనే అంటించి, ఆ పొగలో తలలు దాచుకుని కూర్చున్నారు.

మేము బావను పైకి లాగాం. ఆ పొగలోకే ఈడ్చుకుపోయాం. ముఖంలో కండ్లు ఎక్కడున్నాయో తెలియలేదు. కత్తి పిడికిట్లోనే ఉంది. తేనె గంప లోయలో పడిపోయింది. ఊపిరి లేదు.

గడ్డి పొగ గుట్ట మీంచి నిట్టనిలువుగా లేచింది. క్యాంపుకు అది తేటగా కనపడే ఉంటుంది. ఎవరూ తుపాకి కాల్చలేదు. ఎవరూ రాలేదు.

శవాన్ని తలుపు చెక్క మీద మోసుకొచ్చి బడి అరుగు మీద దించాం. నా కండ్లు వాచి సగమే కనపడుతున్నాయి.

"ప్రమాదం," అన్నాడు ఎస్సై.

"గంపేది?" అన్నాడు సేటు.

అక్క ఏడవలేదు. ఎస్సై ముందరికి పోయి నిలబడింది. "సారూ, పొద్దుగాల గుట్ట మీద పొగ లేసింది. మీ జవాన్లు పెట్టిండ్రు. నేను సూసిన, నువ్వు సూసినవ్. గా పొగ ఎవలకు సైగ?"

ఎస్సై జవాబు లాఠీలతో ఇచ్చాడు. ఐలయ్యను విడవలేదు. తేనె రాలేదు కదా అన్నాడు.

బావ బూడిద ఆరకముందే వాగు ఒడ్డున మీటింగు జరిగింది. బీర్పూర్ దిక్కు కూలీలు వచ్చారు. కోరుట్ల నుంచి గౌరవ్వ, ఆమెతో బీడీల ఆడవాళ్లు వచ్చారు. గొడవ గొడవగా మాట్లాడారు. సేటును నరకాలని ఒకడు. గూడెం ఖాళీ చేసి పోదామని ఇంకొకడు. గౌరవ్వ అందరినీ విన్నది.

"సేటును కొడితె ఇంకో సేటు వస్తడు. పారిపోతె ఆడ గూడ ఒక క్యాంపు ఉంటది. సాయవ్వా, నువ్వేమంటవ్?"

"పొగ పెడ్త," అన్నది అక్క. "పట్టపగలు. వాళ్లు సూసేటట్టు."

"నా కొడుకు ఆడున్నడు బిడ్డా," అన్నాడు చంద్రయ్య కాక.

"నా పెనిమిటి ఏడున్నడు కాకా?"

గౌరవ్వే మళ్లీ అందుకుంది. "ఒక్క గుట్ట మీద పెడితె కాలుస్తరు. ఊరూరికి పెడితె ఎందరిని కాలుస్తరు? మేం పెడ్తం. మీరు గూడ పెట్టుండ్రి."

బీర్పూర్ వాళ్లు చేన్ల గట్ల మీద పెడతామన్నారు. మేడిపల్లి దాకా కబురు పోయింది.

అనుకున్న పొద్దుకు గద్దగుట్ట మీద అక్క మొదటి మంట అంటించింది. దాని మీద పచ్చి తంగేడు మండలు వేసింది. పొగ దిగువకు, పెరల మీదికి పారింది. ఈసారి నేను దిగాను. తాడు గూడెమంతా పట్టింది. కుట్టినవి కుట్టాయి. చావు రాలేదు. పైమూలలు కోశాను. పిల్లగూళ్లు ముట్టలేదు.

పైకి వచ్చి చూస్తే తూర్పున ఒక పొగ. వాగు అవతల ఒకటి. చేన్ల మీద నాలుగో అయిదో. ఇంకా దూరం, కంటికి ఆననంత దూరం. పోలీసు జీపు మొదటి పొగకు ఉరికింది. అక్కడ ముసలమ్మ పెంట కుప్ప కాలుస్తున్నది. రెండో దానికి ఉరికింది. అక్కడ గొర్లకాపర్లు. మూడో దానికి పోయేసరికి మొదటిది మళ్లీ లేచింది. గుట్ట మీద నవ్వులు లేచాయి. బావ పోయినాక అదే మొదటి నవ్వు.

తమ మంటలు పెట్టి గౌరవ్వ, బీడీల ఆడవాళ్లు, బీర్పూర్ కూలీలు మా గుట్ట మీదికే వచ్చారు. ఆఖరుకు జీపు, దాని వెనుక లారీ గద్దగుట్ట కిందికి వచ్చాయి. ఎస్సై, సేటు, బలగం నడుచుకుంటూ పైకి ఎక్కారు. ఐలయ్యకు సంకెళ్లు వేసి మధ్యన పట్టుకొచ్చారు. వాడు నడుస్తున్న తీరు చూసి పోచవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎస్సై తెలివైనవాడు. మంట దగ్గర తేనె కుండలు చూశాడు. చంద్రయ్య కాకను చూశాడు.

"పెద్దాయనా, తేనె వచ్చింది కదా. కుండలు సేటుకిచ్చి పొగ ఆర్పెయ్. నీ కొడుకును తీసుకెళ్లు. కేసు లేదు, ఏమీ లేదు."

అందరూ చంద్రయ్య కాక దిక్కు చూశారు. అక్క కూడా చూసింది. అతడు మంట దగ్గరికి నడిచాడు. పక్కన నీళ్ల బిందె ఉంది. దాని మీద చెయ్యి వేశాడు.

"నాయినా," అన్నాడు ఐలయ్య. పెదవులు పగిలి మాట సరిగ్గా రావడం లేదు. "భూమన్న నా కోసం దిగిండట గద."

చంద్రయ్య కాక బిందె మీంచి చెయ్యి తీశాడు. వంగి ఒక పచ్చి తంగేడు మండ తీసి మంట మీద వేశాడు. ఇంకొకటి వేశాడు.

"ఆనాడు గీ పొగ ఉంటె భూమయ్య బతికెటోడు సారూ," అన్నాడు. "నేను ఆర్ప."

"తేనె నాది! కంట్రాక్టు నాది!" అని సేటు అరుస్తున్నాడు. ఎవరూ అతని దిక్కు చూడలేదు.

లాఠీలు లేచాయి. చంద్రయ్య కాక తల పగిలింది. కానిస్టేబుళ్లు మంటను బూట్లతో తన్నారు. అక్క ఎగదోసింది. ఆమెను జుట్టు పట్టి కిందికి ఈడ్చారు. ఆమె చోట గౌరవ్వ వంగి మండ వేసింది. గౌరవ్వను ఈడిస్తే బీడీల ఆడవాళ్లు. వాళ్ల తర్వాత బీర్పూర్ కూలీలు. నన్ను కొండ అంచు నుంచి లాక్కుపోయారు. ఐలయ్యను మళ్లీ సంకెళ్లతోనే లారీ ఎక్కించారు. లారీలో అక్క పక్కన పడ్డాను. చంద్రయ్య కాక తన రక్తం తుడుచుకుంటూ కొడుకు వేళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

ఇంకా ఎక్కిస్తూనే ఉన్నారు. నిలబడడానికి కూడా సందు లేదు.

"సార్, జాగ లేదు," అన్నాడు డ్రైవరు.

ఎస్సై గుట్ట దిక్కు చూశాడు. మంట చుట్టూ ఇంకా జనం ఉన్నారు. వాళ్ల ముందర పోచవ్వ, చేతిలో పచ్చి మండ.

"ఇంకో లారీ తెప్పియ్యి సారూ," అని పై నుంచే కేక వేసింది. "మేం యాడికి పోం. ఈడనే ఉంటం."