రెండు గొట్టాల రేడియేటర్

నా ఎడమకాలు రెండేళ్ల వయసులోనే పోలియోకి పోయింది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, చెప్పకుండా దాచి పడ్డ తిప్పలు చాలు. కుడికాలు భేషుగ్గా ఉంది. ఆ ఒక్క కాలితో నడిపే ఆటోమేటిక్ కారు కొనుక్కుంటానని ఎనిమిదేళ్ల క్రితం అంటే, మా అన్నయ్య ఉమాపతి బుద్ధిమంతురాలిలా కనిపించే చిన్న తెల్లకారొకటి చూపించాడు. నేను ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాను. సెకండ్ హ్యాండ్‌ది, రెండే తలుపులు. "యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పుకునేదానివి, ఇదేం పిచ్చే వైదేహీ!" అన్నాడు. పిచ్చే మరి! అంతవరకూ రోడ్డు మీద జనం నా కాలు చూసేవాళ్లు. ఆ తర్వాత నా కారు చూస్తున్నారు. నాకదే కావాలి.

మొన్న మే నెలలో ఓ పొద్దున తార్నాక సిగ్నల్ దాటగానే బానెట్ సందుల్లోంచి గుప్పున ఆవిరి. రేడియేటర్ పగిలింది. పక్కకి ఆపి నరహరికి ఫోన్ చేశాను. తార్నాక సందులో మెకానిక్ షాపు అతనిది, ఐదేళ్లుగా ఈ కారు బాగోగులన్నీ అతనివే. అతను వచ్చేలోగా తాళం టీకొట్టులో ఇచ్చేసి, ఆటో ఎక్కి క్యాంపస్‌కి వెళ్లిపోయాను. ఎప్పుడూ అంతే. షాపు ముందు ఆపి హారన్ కొడితే అతనే కిటికీ దగ్గరికి వచ్చేవాడు. కారు దిగి అతని ముందు కుంటుతూ నడవడం నాకు ఇష్టం లేదు.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆటోల్లో తిరిగాను. ప్రతి ఆటో డ్రైవరూ "పైలం అమ్మా" అంటూ రెక్క పట్టుకుని ఎక్కించబోయేవాడు. మంచితనమే, కాదనను. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. షోరూమ్‌వాళ్లేమో ఆ రేడియేటర్ విదేశం నుంచి రావాలి, నాలుగు నెలలు పట్టినా పట్టొచ్చు అన్నారు. నరహరి రోజూ సాయంత్రం ఫోన్ చేసి "దొరకలే మేడం" అనేవాడు. అన్నయ్య రోజూ రాత్రి ఫోన్ చేసి "అమ్మేసెయ్" అనేవాడు.

పదమూడో రోజు నేను క్లాసులో ఉండగా ఫోన్. "మేడం, దొరికింది! ఇగ మీరు ఫికర్ జెయ్యకున్రి!" అని నరహరి ఒకటే సంబరం. "క్లాసులో ఉన్నాను, మీరే చూసుకోండి" అని పెట్టేశాను. క్లాసయ్యాక చూస్తే ఫొటో పంపాడు. రేడియేటర్, దాని పక్కన గేర్ బాక్స్, గేర్ రాడ్, క్లచ్ ప్లేటు. కింద మెసేజ్: "ఆటోమేటిక్‌ది లేదు. గేర్ బండిది ఫుల్ సెట్టు. పని షురూ చేసినం."

క్లచ్ అంటే ఎడమకాలు. గేర్ బండి చేసేస్తే ఆ కారు నాదే, కానీ జన్మలో నేను నడపలేను. ఫోన్ చేస్తే ఎత్తడు, చేతులకి గ్రీజు ఉండి ఉంటుంది. ఉన్నపళంగా ఆటో ఎక్కాను.

షాపు ముందు దిగాను. లోపలికి పది అడుగులు. కాలికి కట్టుకున్న ఇనప పట్టీ గచ్చు మీద టకటకమంది. నరహరి కారు కిందినుంచి బయటికొచ్చి నా కాలు చూశాడు, తర్వాత తన చేతిలో ఉన్న క్లచ్ ప్లేటు చూశాడు.

"ఇది నేనేం చేసుకోను నరహరీ? క్లచ్ తొక్కే కాలు నాకు లేదు" అన్నాను.

ప్లేటు మెల్లగా కింద పెట్టాడు. "ఐదేండ్ల సంది ఒక్క మాట చెప్పొద్దా మేడం? మీరు బండి దిగకుంటె, మేమంత మీకు పొగరనుకున్నం."

"పొగరే! లేకపోతే చెప్పేదాన్ని కదా!"

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అదృష్టం, నా గేర్ బాక్స్ ఇంకా విప్పలేదు. "మరి ఆ రేడియేటర్ ఒక్కటే పెట్టలేరా?" అని అడిగాను.

"ఆటోమేటిక్‌ల గేర్ ఆయిల్ గూడ సల్లబడాలె మేడం. దానికి రేడియేటర్‌ల వేరే రెండు గొట్టాలుంటయి. గేర్ బండిదాంట్ల అవి ఉండయి. గొట్టాలు బయటనే కలిపి ముడేసి పంపేటోళ్లు ఉన్నరు. నాతోని గాదు. నెల తిరగక ముందే గేర్ బాక్స్ ఖరాబైతది." పాత రేడియేటర్ తెచ్చి తిప్పి చూపించాడు. "కింద ట్యాంకు మంచిగనే ఉన్నది, గొట్టాలు దీంట్లనే ఉన్నయి. పగిలింది నడుమ నీళ్లు సల్లబడే జాలీ. వారాసిగూడల రేడియేటర్లు అతికే లచ్చయ్య తాత ఉన్నడు. కొత్తదాని జాలీకి ఈ ట్యాంకు అతుకుతడేమో అడుగుత."

"అతుకుతుందా?"

"అబద్ధమెందుకు చెప్పాలె మేడం? పక్కా చెప్పలేను."

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. అన్నయ్య ఫోన్ ఎత్తడం మానేశాను. లచ్చయ్య మొదట అతికింది కారిపోయిందట, మొత్తం ఊడదీసి మళ్లీ అతికాడట. ఐదో రోజు మధ్యాహ్నం మా డిపార్ట్‌మెంట్ మెట్ల ముందు నా ఎర్రకారు ఆగింది. నరహరి దిగాడు. నేను ఒక్కో మెట్టూ దిగి వచ్చేదాకా తొందరపెట్టకుండా నిలబడ్డాడు. రెక్క పట్టుకోబోలేదు.

"సుక్క గూడ కారుతలేదు మేడం. నిన్న మీ క్యాంపస్‌ల ఆ ఎత్తుల పొంటి నాలుగు సుట్లు తోలిన. వేడి చూపెట్టే ముల్లు సగం దాటలే. ఎడమకాలు సీటు మీదికి మడిచిపెట్టుకొని తోలిన."

"కాలు మడిచిపెట్టుకునా? ఎందుకు?"

"మీకిచ్చే బండి మీ లెక్కనే తోలి చూడాలె గద. యాడన్న ఆ కాలుతోని పని పడితే నాకు ముందుగాల తెలవాలె."

"పడిందా?"

"లే మేడం." తల గోక్కున్నాడు. "నిజం చెప్పాల్నంటే రెండో సుట్టుకే కాలు సంగతి మర్శిపోయిన."

ఎనిమిదేళ్లుగా నా ఒక్కదానికే తెలిసిన సంగతి అది. స్టీరింగ్ పట్టుకుంటే నేనూ మర్చిపోతాను. ఆ మాట అన్నయ్యకి ఎలా చెప్పాలో తెలియక, ఇన్నేళ్లూ ఎర్రరంగు ఇష్టమని చెబుతూ వచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, చూస్తే చూడనీ అనుకున్నాను.

"ఎక్కండి నరహరీ, షాపు దగ్గర దింపుతాను" అన్నాను.